నడిచి వెళ్ళేంత దూరం

తాళం తీసేముందు ఏజెంటు పక్క ఫ్లాటు తలుపుకేసి చూసింది. మూసే ఉంది. ఆ తలుపు వెనకున్నావిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంతకుముందు ఈ ఇల్లు చూసి ముచ్చటపడ్డ వాళ్ళందరికీ మెట్ల దగ్గరే విషయం చెప్పేసింది. వాళ్ళు మళ్ళీ ఫోనెత్తలేదు. ఈసారీ ఇల్లు అద్దెకు పోకపోతే ఇక పనిలోకి రానక్కర్లేదని మేనేజరు పొద్దున మెత్తగానే చెప్పాడు.

"రండి బాబాయిగారూ, చెప్పులతోనే రావచ్చు," అంది గొంతు తగ్గించి.

భార్యాభర్తలిద్దరూ పెద్దవాళ్ళు. అయినా గుమ్మం బయటే చెప్పులు విడిచారు. ఆవిడ చెయ్యి ఆయన పట్టుకునే ఉన్నాడు.

ఏజెంటు గబగబా చూపించేసింది. సోఫా, ఫ్రిజ్, గిన్నెలు, గరిటెలతో సహా అన్నీ ఉన్నాయి, పెట్టె తెచ్చుకుని దిగిపోవడమే అంది. కిందే కూరగాయలు, మలుపు తిరిగితే లైబ్రరీ, బండితో పనే లేదంది.

"ఆసుపత్రి?" అన్నాడాయన.

పెద్దవాళ్ళు ఆ మాట అడిగితే ఆమెకు ధైర్యం వచ్చేది. "అదుగో, కిటికీలోంచి కనిపిస్తోందే, అదేనండీ. చెప్పుల్లో కాళ్ళు పెట్టేలోపు వెళ్ళిపోవచ్చు."

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఇంత దగ్గరా," అంది. లోపలికి వచ్చాక ఆవిడ మాట్లాడింది అదొక్కటే.

ముందున్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారని అందరూ అడుగుతారు. ఏజెంటు జవాబు సిద్ధం చేసుకునే వచ్చింది. ఆయన అడగలేదు. అడగకపోయేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. కింద ఎవరైనా చెప్పేశారా?

ఆయన గోడ మీద వేలితో కొట్టి చూశాడు. "రాత్రిపూట గట్టిగా పిలిస్తే పక్కవాళ్ళకి వినపడుతుందా?"

"చీమ చిటుక్కుమన్నా వినపడదండీ. మీ ప్రశాంతతకి లోటుండదు."

ఆయన చెయ్యి గోడ మీదే ఆగిపోయింది. తను తప్పు మాట అన్నానని ఆమెకు తెలిసింది కానీ, ఏది తప్పో తెలియలేదు.

"మంచం మార్చారా?"

"లేదండీ, గట్టి టేకు," అనేసి నాలుక్కరుచుకుంది. మార్చామని చెప్పాల్సింది.

అంతలో బయట పక్క ఫ్లాటు గొళ్ళెం చప్పుడయ్యింది. ఏజెంటు ఒక్క అంగలో వెళ్ళి వీధి తలుపుకు ఆనుకుని నిలబడింది. అడుగులు తలుపు ముందు కాసేపు ఆగి, మెట్లవైపు వెళ్ళిపోయాయి. వెనక్కి వచ్చేసరికి హాల్లో ఎవరూ లేరు.

ఇద్దరూ పడగ్గదిలో ఉన్నారు. ఆవిడ మంచమ్మీద గోడవైపు ఒత్తిగిలి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, కళ్ళు మూసుకుని పడుకుంది. ఏజెంటు గడప దగ్గరే ఆగింది. ఆ గదిలోకి తను ఒంటరిగా ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

"లేవండి పిన్నిగారూ, లేవండి," అంది. ఆపైన నోరు ఆగలేదు. "ఈ మంచమ్మీదే ఒకమ్మాయి పోయింది. గుండెనొప్పి. ఒక్కతే ఉండేది, తెల్లారేదాకా ఎవరికీ తెలీలేదట. సామాను ఆ అమ్మాయి ఆఫీసువాళ్ళే సర్ది ఊరికి పంపేశారట. నేనీ పనిలో చేరకముందు సంగతి. మీకు చెప్పకుండా ఇచ్చేద్దామనుకున్నా."

ఉద్యోగం ఊడినట్టే. ఆవిడ లేవలేదు. ఆయన జేబులోంచి పెన్ను తీసి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

ఏజెంటు కాగితాలు అందించబోయి ఆగింది. "పిన్నిగారికి భయం వెయ్యదా?"

"ఆ పిల్లని కన్నది తనేనమ్మా."