ముప్పై ఎనిమిదో అంతస్తులో చప్పట్లు

తనను లా కంపెనీలో భాగస్వామిని చేశారని డెస్మండ్ ఫోన్ పెట్టేసి చెప్పగానే, కోరిన్ అతని మెడకు వేలాడి గిర్రున తిరిగింది. టొరంటోలో కాపురం పెట్టి ఆరు నెలలే, అప్పుడే ఇంత పెద్ద కబురు!

గోడ అవతల ఎవరో చప్పట్లు కొట్టారు.

"పక్కవాళ్లు ఎంత మంచివాళ్లోయ్!" అంటూ ఆమె రెండు బటర్ టార్టు మిఠాయిలు ప్లేటులో పెట్టుకుని, వట్టి కాళ్లతోనే కారిడార్‌లోకి పరుగెత్తింది.

పక్క తలుపు పిడికి ఇళ్ల ఏజెంటు తాళంచెవి దాచే పెట్టె వేలాడుతోంది. ఆ ఫ్లాటు ఖాళీ అయ్యాక ఇంకా ఎవరూ కొననే లేదు.

చప్పట్లు ఆగాయి. తలుపు వెనక, చాలా దగ్గరగా, ఒక ఆడగొంతు ఆప్యాయంగా అంది: "మేమూ ఇలాగే గంతులేశాం, తల్లీ. ఆ తర్వాత ఆయనకి ఇంటికొచ్చే తీరికే దొరకలేదు. ఇంకా ఆయన కోసం ఎదురుచూస్తున్నా."

వెనకే వచ్చిన డెస్మండ్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"విన్నావా?" అంది కోరిన్.

"విన్నాను పిచ్చీ. రేపు పొద్దున్నే ఆ పదవి వద్దని చెప్పేస్తా. సాయంత్రానికి మీ ఊరు సడ్‌బరీలో, మీ అమ్మ వంటింట్లో ఉందాం."