సీసాలో సాలెపురుగు

దొంగ చేతికి అందేలా ల్యాబు బీరువా తాళంచెవిని బల్లమీద తనే పెట్టి వచ్చింది లక్ష్మీప్రియ. ఎదురుగా ఉన్న స్టాఫ్ రూం కిటికీ దగ్గర కూర్చుని, పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నటించసాగింది.

దొంగ ఎవరో కాదు. ఎర్రగుంట్లలో ఆమె పాఠాలు చెప్పే కాలేజీలో జువాలజీ శాఖకు పెద్ద, ఉమామహేశ్వర సారు. పోయినేడు ఆమె పట్టిన సాలెపురుగును తన ఘనతగా పత్రికకెక్కించి, దానికి మామగారి పేరు పెట్టుకున్న మనిషి.

ఈసారిది ఆత్మకూరు దగ్గర సొంత చేనులో దొరికింది. రాయి ఎత్తింది అమ్మ తిమ్మమ్మ. గూడు కట్టకుండా నేలమీద తిరిగే, ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని నల్ల సాలెపురుగు. దాని పక్కనే, అచ్చం కవలలాంటి మామూలుది ఇంకొకటి. ఫొటోలు పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. మైక్రోస్కోపు కింద వెల్లకిలా తిప్పి, పొట్ట అడుగున గుర్తు చూస్తేనే ఏది కొత్తదో తేలుతుంది.

దానికి అమ్మ పేరు పెడతానంటే తిమ్మమ్మ ఫోన్లోనే మొత్తుకుంది.

"పురుక్కి నా పేరేంది పాపా? ఊర్లో నగుతారు."

అన్నదే గానీ, మర్నాడు పొద్దున్నే మళ్లీ చేసి ఎప్పుడు పెడతావని అడిగింది.

ఫొటోలతో ఏమీ తేలదని, పురుగునే ఇస్తే చెన్నైలో నిపుణుడికి చూపించి వస్తానని సారు రెండుసార్లు అడిగాడు. అప్పుడే లక్ష్మీప్రియకు ఆలోచన తట్టింది. ఈ ఉదయం, అటెండరు గిడ్డయ్య కూడా రాకముందే, ఆ రెంటినీ ఉంచిన స్పిరిట్ సీసాల్లోంచి, ఏది కొత్తదో పెన్సిలుతో రాసిన చీటీలను పట్టకారుతో తీసి, దీనిది దాంట్లో, దానిది దీంట్లో వేసింది. చీటీలు తన చేత్తో రాసినవే, మళ్లీ మైక్రోస్కోపు ఎందుకు? ప్రతి రాయి కిందా దొరికేదే కదా ఇది అని నిపుణుడు మొహం మీదే అంటే, సారు ఇంకెప్పుడూ ఆమె బీరువా జోలికి రాడు.

పదిన్నరకు సారు ల్యాబులోకి వెళ్లాడు. టిఫిన్ సంచిని చంటిబిడ్డలా రెండు చేతులా పట్టుకుని బయటికి వచ్చాడు. ఊరికి పోయొస్తానమ్మా అని చెప్పి మరీ స్టేషనుకు ఆటో ఎక్కాడు. జాగ్రత్త సార్, అంది ఆమె.

చెన్నై రైలు కూత వినబడ్డాకే డబ్బా తెరిచింది. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి ఏనాడూ అంత రుచిగా లేవు.

గిడ్డయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పోయినేడు జరిగినదానికి ఆమెకంటే ఎక్కువ ఉడికిపోయిన మనిషి. సారు సీసా ఎత్తుకుపోయిన సంగతి తెలుసా అని మెల్లగా అడిగాడు. తెలుసని ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు.

"మీరేం దిగులు పడాకండి మేడం. కొత్తది యా సీసాలో ఉండాదని ఆయప్ప నిన్న నన్నడిగినప్పుడే నాకు అనుమానమొచ్చింది. అందుకే సాయంత్రం మీరు ఇంటికి పోయినంక, నా కాడుండే ఇంకో తాళంచెవితో బీరువా తెరిచి ఆ రెండు చీటీలూ మార్చి పెట్టినా."