ఒకటో నంబరు ఇల్లు

కరెంటు పోయి వచ్చేసరికి కంప్యూటర్ ఆరిపోయింది.

కొత్తమ్మాయి కంగారుపడింది. అలారం కేంద్రంలో ఒంటరిగా డ్యూటీ చేయడం ఆమెకు అదే మొదటిసారి. రాత్రి డ్యూటీ ఆయన ఆరున్నరకే కుర్చీ అప్పగించి వెళ్ళిపోయాడు. సూపర్‌వైజర్ వచ్చేది ఎనిమిదికి. దొంగలు పడ్డా, పొగ వచ్చినా, ఒంట్లో బాగోలేక ఎవరైనా బటన్ నొక్కినా ముందు తెలిసేది అక్కడే. ఎనిమిది వందల ఇళ్ళూ దుకాణాలూ ఆ ఒక్క స్క్రీన్‌ని నమ్ముకుని ఉన్నాయి.

స్విచ్ వేసింది. పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది.

తప్పన్నది.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పన్నది. మూడోసారి తప్పితే తాళం పడుతుందట. ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరాన్నీ వేలితో పొడిచింది.

స్క్రీన్ తెరుచుకుంది. స్వాగతమంది. అంతా ఆకుపచ్చగా ఉంది. టైము ఆరూ నలభై.

"హమ్మయ్య" అనుకుంది.

ఏడయింది. ఒక్క అలారమూ లేదు.

ఇదేమిటి? రోజూ ఈపాటికి పిల్లి దూకో, షట్టరెత్తేవాడు కోడ్ మరిచిపోయో నాలుగైనా మోగుతాయి. అన్నిటికీ మించి ఒకటో నంబరు ఇల్లు మోగాలి. గడియారం తప్పినా ఆ ఇంటి పెద్దాయన తప్పడు, సరిగ్గా ఏడింటికి బటన్ నొక్కుతాడు. జాబితాలో 'ఒకటి' అని పడగానే ఆపరేటర్లు తెరిచి చూడకుండానే మూసేస్తారు. ఊరికే మోగించేవాళ్ళ కనెక్షన్ తీసేయాలంటూ కొత్తమ్మాయి నిన్ననే ఒక లిస్టు రాసి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టింది. అందులో మొదట రాసింది ఆయన్నే.

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చినట్టుంది" అనుకుంది.

ఏడూ అయిదుకి ఫోన్ మోగింది.

"అమ్మా, ఒకటో నంబరు ఇంటి నుంచి. నా బెల్లు వచ్చిందా అక్కడికి?"

"రాలేదండీ."

"రాలేదా? సిస్టం ఇప్పుడే ఆన్ చేశావా తల్లీ?"

"అవన్నీ మీకెందుకండీ?"

"స్క్రీన్ అడుగున ఒక పట్టీ ఉంటుంది చూడు. దాని మీద నొక్కి..."

ఠక్కున ఫోన్ పెట్టేసింది. ఫోన్లో ఎవరేం చెప్పినా స్క్రీన్ మీద ఏదీ నొక్కకూడదన్నది శిక్షణలో మొదటి పాఠం. దొంగలు కూడా అమ్మా, తల్లీ అనే మాట్లాడతారట.

మళ్ళీ మోగింది.

"ఫోన్ పెట్టేసి మంచిపనే చేశావు. ఇంకోసారి మాత్రం పెట్టేయకు." ఆయన ఆయాసపడుతున్నాడు. మెట్లెక్కి వచ్చాడేమో అనుకుంది. "నా మాట నమ్మొద్దు. నీ బల్ల కింద ఆఫీసు సొంత బటన్ ఉంది. అది నొక్కి, స్క్రీన్ మీద పడుతుందో లేదో నువ్వే చూసుకో."

నిజమే, ఆ బటన్ ఉంది. నొక్కింది.

స్క్రీన్ ఏమీ ఎరగనట్టు ఆకుపచ్చగా చూస్తోంది.

"పడలేదండీ! ఇదేమిటి, లాగిన్ అయ్యానే!"

"లాగిన్ అయితే లోపలికి వచ్చినట్టు. డ్యూటీ తీసుకున్నట్టు కాదు. పట్టీ ఏ రంగులో ఉంది?"

"బూడిద రంగు."

"అదీ సంగతి. నీకెప్పుడూ నడుస్తున్న కుర్చీనే అప్పగించి ఉంటారు. ఆరిపోయాక మొదలుపెట్టడం ఎవరూ చూపించి ఉండరు. నీ తప్పేం లేదు. నొక్కు."

నొక్కింది. పట్టీ నీలంగా మారింది. ఆగిపోయిన అలారాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

"పదకొండు! ఏది ముందు చూడాలండీ? నాకేం పాలుపోవడం లేదు!"

"పొగ... పొగ ముందు. నాది తర్వాత చూద్దువుగాని."

పొగైతే జాబితాలోనే మంట బొమ్మ పడుతుంది. మిగతావి ఉత్త నంబర్లే, తెరిస్తేగాని సంగతి తెలియదు. మంట బొమ్మ ఒకటుంది. ప్లైవుడ్ గోడౌన్! రెండో ఫోన్ అందుకుని ఫైరింజన్‌ని పిలిచింది. తిరిగి మొదటి ఫోన్ తీసేసరికి అవతల చప్పుడు లేదు.

మిగతావి ఒక్కొక్కటే తెరిచి చూసింది. ఒకటో నంబరు దగ్గర మాత్రం చెయ్యి అలవాటు కొద్దీ తెరవకుండానే మూసేసింది.

ఎనిమిదికి సూపర్‌వైజర్ వస్తూనే నవ్వాడు.

"భేష్! గోడౌన్లో నిద్రపోతున్న ఆరుగురూ బయటపడ్డారట. ఇంకో పది నిమిషాలైతే బూడిదేనన్నారు."

"నా గొప్పేం లేదు సార్" అంటూ జరిగిందంతా దాచకుండా చెప్పేసింది.

అప్పటికే ఆయన చేతిలో నిన్నటి లిస్టు ఉంది.

"ఇందులో ఒకటో నంబరు రాసింది నువ్వేనా?"

"నేనే సార్. రోజూ ఊరికే మోగిస్తారని..."

"ఊరికేనా? నువ్వు కూర్చున్న కుర్చీలో మొట్టమొదట కూర్చున్నది ఆయనేనమ్మా. రిటైరయ్యాక కూడా మనం వింటున్నామో లేదో రోజూ పొద్దున్నే చూసుకుంటాడు. ఆయన దగ్గర బటన్లు రెండు. ఆ పనికి ఆకుపచ్చది, ఆపదకి ఎర్రది. ఎర్రది ఇంతవరకూ ముట్టుకోలేదు."

కొత్తమ్మాయికి తల కొట్టేసినట్టయింది. లిస్టు లాక్కుని చింపేసింది. క్షమాపణ చెప్పుకుందామని ఒకటో నంబరుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరూ తీయలేదు.

"నడకకి వెళ్ళుంటాడులే" అన్నాడు సూపర్‌వైజర్.

ఏమీ తోచక, ఇన్నాళ్ళలో మొదటిసారి ఆ ఇంటి అలారాల వరుస తెరిచింది. మొన్న ఏడు గంటలకు, పరీక్ష. నిన్న ఏడు గంటలకు, పరీక్ష.

ఈ రోజు మాత్రం, ఆయన తనకు ఫోన్ చేయడానికి పదిహేడు నిమిషాల ముందు, ఆరూ నలభై ఎనిమిదికి, ఎర్ర బటన్.