మొద్దు కూడా నడపగల కారు

"గేర్‌బాక్స్ మొత్తం విప్పి, పళ్లరిగిన చక్రాలన్నీ మార్చాను. ఇక నీలాంటి మొద్దు కూడా నడపొచ్చు," అన్నాడు భర్త, పాత స్పోర్ట్స్ కారు బానెట్ తుడుస్తూ.

అంతకుముందు భార్య గేరు మార్చినప్పుడల్లా అది గరగరమనేది. అతను నలుగురినీ పిలిచి మరీ నవ్వేవాడు.

"తాళం ఇవ్వండి, చూస్తాను," అందామె.

"గేటు దాటితే గొప్పే!"

కారు గేటు దాటింది, సందు మలుపు తిరిగింది. ఒక్క గేరూ కీచుమనలేదు.

"అదీ నా చేతి పని!" అని మురిసిపోయాడతను.

ఎంతకీ రాకపోయేసరికి ఫోన్ చేశాడు.

"ఎక్కడ చచ్చావ్? రివర్స్ గేరు పడట్లేదా?"

"మా అక్కావాళ్లింటికి వచ్చేశాను. నీ చేతి పని గొప్పదే, అన్ని గేర్లూ వెన్నలా పడుతున్నాయి," అందామె. "రివర్స్‌తో మాత్రం నాకిక పనిలేదు."