వేడి మరిచిన లెక్క

“ఈ లెక్క కట్టిన మహానుభావుడెవరయ్యా?”

ప్రొఫెసర్ సూర్యప్రకాష్ అడిగేసరికి, పీహెచ్‌డీ వైవాకి నిలబడ్డ దీపక్‌కి ఫ్యాను కిందే చెమటలు పట్టాయి.

అడగడమైతే అడిగాడు గానీ సూర్యప్రకాష్‌కి లోలోపల సిగ్గుగానే ఉంది. ఈ థీసిస్ బ్రహ్మాండంగా ఉందని నెల కిందటే రిపోర్టు రాసి పంపిన పెద్దమనిషి తనే. పుస్తకం తెరిచింది మాత్రం ఇవాళే, అమలాపురం వస్తూ, రావులపాలెం దాటాక కారులో. చదవకుండా మెచ్చుకోవడంలో తనని కొట్టేవాడు లేడు మరి! కొత్తరకం బ్యాటరీలకి పనికొచ్చే పదార్థాలని కంప్యూటర్లో లెక్కగట్టి చెప్పడం ఆయన వృత్తి. ముప్ఫై ఏళ్లు, రెండొందల పేపర్లు, బీరువాకి పట్టనన్ని శాలువాలు. ఒక్క బల్బు వెలిగితే ఒట్టు! ల్యాబులో తయారుచేసేవాళ్లకి చేతకాదని సరిపెట్టుకుంటూ వచ్చాడు.

అలాంటి తనకే కనబడిందంటే ఇదెంత పెద్ద తప్పయ్యుండాలి!

“వేడెక్కితే పదార్థం ఉబ్బుతుందా, లేదా?”

“ఉబ్బుతుందండి.”

“మరి నీ లెక్కలో వేడేదయ్యా? ఓడలరేవులో పుట్టినవాడివి, ఎండంటే తెలీదూ? ఈ బ్యాటరీ కంప్యూటర్లో నూరేళ్లు బతుకుతుంది. బయట పెడితే పూటకి పగిలి ఊరుకుంటుంది!”

“ఆయ్.”

దీపక్ గైడు కామాక్షి గారు కలగజేసుకుంది. “సోమవారం లెక్చరర్‌గా చేరాలండి ఈ అబ్బాయి. ఇవాళ మీరు సంతకం పెట్టకపోతే ఆ ఉద్యోగం కాస్తా పోతుందండి. తప్పు దిద్ది ఇచ్చేస్తాడండి, నాదీ పూచీ.”

“పెడతానండీ, నేనేం రాక్షసుణ్ణా? కానీ ఈ పద్ధతి ఎవరి దగ్గర పట్టుకొచ్చాడో చెప్పాలి. ముందు వాడి డిగ్రీ వెనక్కి లాక్కోవాలి!”

దీపక్ బిక్కమొహం వేసి గైడు వైపు చూశాడు. వద్దన్నట్టు ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ సైగ సూర్యప్రకాష్ కంట పడనే పడింది. ఓహో, ఇది ఈవిడగారి నిర్వాకమన్నమాట! పాపం, గురువుని కాపాడుకుంటున్నాడు కుర్రాడు. ఆయనకి జాలేసింది, ముచ్చటా వేసింది.

“పెద్దవాళ్ల పేరు బయటపెట్టకూడదనా? ఎంతటివాళ్లయినా తప్పు తప్పే. నిజం చెప్పు, ఈ క్షణమే సంతకం పెడతాను.”

అంటూ పెన్ను మూత తీసి కాగితం ముందుకి లాక్కున్నాడు. కామాక్షి గారు కళ్లు గట్టిగా మూసుకుంది. దీపక్ నోరు విప్పాడు.

“మీ థీసిస్‌లోదేనండి.”