ఉతకని చొక్కా

“ఎల్లుండి ఆయన వస్తున్నారు. ఈలోగా ఆ చొక్కా ఉతికేయాలి పెద్దమ్మా,” అన్నాడు మ్యూజియం డైరెక్టర్.

పెద్దమ్మ చేతిలోని తుడుపుగుడ్డ ఆగిపోయింది. ఇరవై రెండేళ్లుగా ఆ గాజుపెట్టెను తుడిచేది ఆమే. అందులో ఉన్నది విప్లవ నాయకుడి చొక్కా. కాలరు జిడ్డుకట్టి, చంకల్లో ఉప్పు తేలి, వీపున తుపాకీ గుండు చేసిన చిల్లుతో, దాని చుట్టూ నల్లబడ్డ మరకతో, అట్టలా బిగుసుకుపోయిన చొక్కా.

అడవిలో ఉన్న ఆరేళ్లూ నాయకుడికి నీళ్లంటే బొత్తిగా పడేది కాదు. నెలల తరబడి అదే చొక్కా. గాలి ఇటు తిరిగితే చాలు, ఆయన వస్తున్నాడని దళానికి తెలిసిపోయేదట. తోటివాళ్లు ‘మురికయ్యా’ అని పిలిస్తే పడీపడీ నవ్వేవాడట. గైడు ఈ కబుర్లన్నీ ఉప్పూకారం చల్లి చెప్పి, చివర్లో ఆ చిల్లు చూపించేవాడు.

“ఇంత గుండు దిగినా మనిషి చెక్కుచెదరలేదు, చూశారా?”

జనం నోరెళ్లబెట్టేవారు. పెద్దమ్మ తల వంచుకుని గాజు తుడుచుకునేది.

గద్దెనెక్కాక నాయకుడు పూర్తిగా మారిపోయాడు. రోజుకు నాలుగు స్నానాలు. పూటకో తెల్లచొక్కా. ఎవరు చెయ్యి కలిపినా, వాళ్లు గడప దాటేలోపు సబ్బుతో రుద్దుకోవాల్సిందే. పదవి నేర్పిన సోకులని జనం చాటుగా నవ్వుకునేవారు.

“ఉతికితే ఆ చెమటంతా పోతుంది బాబూ,” అంది పెద్దమ్మ.

“పోవాలనే. ఆయనే స్వయంగా ఫోన్ చేశారు. సబ్బు పెట్టి బాగా రుద్దమన్నారు.”

“నావల్ల కాదు.”

డైరెక్టర్ నవ్వాడు. “నీ భక్తి నాకు తెలియంది కాదు. ఆయనకు లేని పట్టింపు నీకెందుకు చెప్పు? పోనీ, లాండ్రీకి పంపించేస్తాను.”

లాండ్రీకి వెళ్లిందంటే ఒక్క పూటలో అంతా మాయం. మోకాళ్లు పట్టేసినా, మానెయ్యమని కూతురు పోరుపెడుతున్నా, ఆమె ఈ పని పట్టుకుని వేలాడుతున్నది ఆ చొక్కా కోసమే.

“వద్దులెండి. ఇటివ్వండి, నేనే ఉతుకుతా.”

చొక్కాను రెండు చేతులమీదా పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టింది. కుళాయి ధారగా వదిలింది. బయటికి వినిపించేలా తన తుడుపుగుడ్డను తడిపి బండమీద నాలుగు బాదులు బాదింది. తర్వాత పొడిగా ఉన్న మూలన చతికిలపడి, చొక్కాను ఒళ్లో పరుచుకుంది. అందులో రెండు చెమటల వాసన ఉంది. ఒకటి ఆమెకు పట్టదు.

ఎంత రుద్దినా మరక వదల్లేదని నాయకుడికి చెప్పమని డైరెక్టర్‌తో అంటుంది. అంతే.

ముఖం చొక్కాలో దాచుకుని, కుళాయి చప్పుడు చాటున వెక్కివెక్కి ఏడ్చింది.

ముప్పై ఏళ్ల కిందట, పోలీసు కుక్కలు వాసన పట్టి తరుముకొస్తుంటే, నాయకుడు తన ఒంటిమీది ఈ చొక్కా విప్పి ఆమె భర్తకు తొడిగి, తాను ఇటు వెళ్తూ అతన్ని అటు పరుగెత్తించాడు.