కోల్టన్ హెల్మెట్

కోల్టన్ తల ఐస్ హాకీ రింకు చుట్టూ ఉన్న అద్దపు గోడకు గట్టిగా కొట్టుకుంది. తూలుతూ బెంచీకి వచ్చాడు. ఒక గోలు వెనకబడి ఉన్నాం. ఈ మ్యాచ్ పోతే కోచ్ డారెల్ ఉద్యోగమూ పోతుంది.

"పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాంరా?" అడిగాడు డారెల్.

"మెల్విల్‌తో. బానే ఉన్నా, పంపండి కోచ్!"

డారెల్ బెంచీ వెనక ఉన్న నా చెవి దగ్గరికి వంగాడు. "ఒరేయ్ ఓరెస్ట్, మెల్విల్‌తోనేనా?"

మూడు రోజుల కిందటి ఆట. ఆడించింది తనే.

డారెల్ ఆటగాడిగా ఉన్న ఇరవై ఏళ్లూ అతని స్కేట్లకు నా కొట్లోనే పదును పెట్టాను. తలకు దెబ్బ తగిలినా అతను మళ్లీ మంచు మీదికి దూకినప్పుడల్లా చప్పట్లు కొట్టాను. ఆ తలలో మొద్దుబారుతున్నదేదో నాకు తట్టలేదు.

"మెల్విల్‌తోనే," అన్నాను.

డారెల్ కోల్టన్ హెల్మెట్ లాక్కుని, తన కాళ్ల వెనక దాచేశాడు.

"కోచ్! కరెక్టుగానే చెప్పాగా!"

"నేనూ ప్రతిసారీ కరెక్టుగానే చెప్పేవాణ్ణిరా."